హన్యా మీద పుర్రె గీయొద్దు: జపాన్, మెక్సికో మాస్కులను కలపాలనుకునేవారికి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: విశాఖలో ఇరవై నిమిషాల సోలో డాన్స్ చేస్తున్నారు. చనిపోయిన ఒకామె ఏడాదికి ఒక్క రాత్రి తన ఇంటికి తిరిగొచ్చే కథ. ప్రదర్శన నవంబరు మొదటి వారంలో, మీకు కూచిపూడి పునాది ఉంది. జపాన్ వాళ్ల కొమ్ములున్న హన్యా మాస్కు ఆన్‌లైన్‌లో కొని, దాని మీద మెక్సికోలో చనిపోయినవాళ్ల పండగకు వేసే పుర్రె డిజైను, బంతిపూలు వేయిస్తే ఎలా ఉంటుంది? లేక చెక్కతోనో కాగితంతోనో కొత్తగా చేసుకోవాలా? అసలు ఇలా రెండు సంప్రదాయాలు కలపడం తప్పా?

నేను పద్దెనిమిదేళ్లుగా నాటకాలకూ నృత్యాలకూ మాస్కులు చేస్తున్నాను. జపాన్‌లో షిమానె ప్రాంతంలోని హమదా ఊళ్లో కొన్ని నెలలు, మెక్సికో సిటీలో కాగితం బొమ్మలు చేసే ఒకరి ఇంట్లో ఒక సీజనంతా కూర్చుని పని నేర్చుకున్నాను. అందుకే సూటిగా చెప్తున్నాను. కాగితంతో చేయండి. కొన్న రెజిన్ ముఖం వద్దు. హన్యా మీద పుర్రె అసలే వద్దు. కలపడం తప్పేమీ కాదు, కానీ మీరు కలపాలనుకుంటున్న చోటు సరైంది కాదు. మీరు ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ వేస్తున్నారు. ఆ రెండు మాస్కులు వేదిక మీద ఏ పని చేస్తాయో చూసి, ఆ పనుల్ని కలపాలి.

ఈ మాట నా సొంత పొరపాటు నుంచి వచ్చింది. మొదట్లో ఒక బృందం కోసం జపాన్ యువతి ముఖం, దాన్ని కో-ఒమొతె అంటారు, ఆ పోలికలో ఒక మాస్కు చేశాను. దాని మీద కళ్ల చుట్టూ నల్లటి గుండ్రాలు, ముక్కు దగ్గర నల్లటి మచ్చ, పెదవుల మీదుగా పళ్ల వరస, నుదుట పూలు ఎంతో శ్రద్ధగా వేశాను. టేబుల్ మీద పెట్టి చూస్తే చూపు తిప్పుకోలేకపోయేవాళ్లం. రిహార్సల్లో లైట్లు వేశాక ఆ అమ్మాయి తల దించింది, ముఖంలో ఏ మార్పూ లేదు. తల ఎత్తింది, అప్పుడూ లేదు. పన్నెండు నిమిషాలూ ఒకే బొమ్మ కదులుతున్నట్టుంది. మూడో వరసలో కూర్చుని చూస్తున్న నాకు ఆ రోజు అర్థమైంది, నేను వేసిన నల్లరంగు ఆ ముఖాన్ని చంపేసిందని.

ఎందుకో చెప్తాను, ఎందుకంటే మీ మాస్కు సంగతంతా ఇక్కడే తేలిపోతుంది. నో అంటే మాస్కులతో నెమ్మదిగా ఆడే జపాన్ పాత నాటకం. నో మాస్కు ప్రాణం నీడల్లో ఉంటుంది. హినోకి అనే సైప్రస్ జాతి చెక్కలో చెక్కుతారు. ఆల్చిప్పల్ని మెత్తగా నూరిన తెల్లటి పొడిని, గొఫున్ అంటారు, జంతువుల చర్మం నుంచి తీసిన జిగురుతో కలిపి పొర మీద పొరగా పూస్తారు. మాస్కు ఎత్తు సుమారు 21 సెంటీమీటర్లు. అంటే పెద్దవాళ్ల ముఖం కన్నా చిన్నది, నటుడి గడ్డం కింద కనిపిస్తూనే ఉంటుంది. ఆ ముఖంలో ఏ భావమూ పూర్తిగా చెక్కరు, నవ్వుకీ ఏడుపుకీ మధ్య ఎక్కడో ఆపేస్తారు. నటుడు ముఖాన్ని కొద్దిగా పైకెత్తితే వెలుగు బుగ్గల మీద పడి నవ్వినట్టుంటుంది, దాన్ని తెరాసు అంటారు, వెలిగించడం అని. కొద్దిగా దించితే కనుబొమల కింద, పెదవి కింద నీడ చేరి దుఃఖం కనిపిస్తుంది, అది కుమొరాసు, మబ్బు పట్టించడం. ముఖానికి మబ్బు పట్టడం అన్న మాట వినగానే నాకు మన భాషలోదే అనిపించింది. ఇప్పుడు ఆలోచించండి, కళ్ల చుట్టూ నల్లరంగు వేసేస్తే ఇక నీడ పడటానికి చోటెక్కడ? వేసిన నీడ కదలదు. నిజం నీడ కదులుతుంది.

మెక్సికో మాస్కు అలా కాదు, దాని దారి వేరు, అది తక్కువదీ కాదు. మిచోఆకాన్ రాష్ట్రంలో పాత్స్‌క్వారో సరస్సు చుట్టుపక్కల పురేపెచా ప్రజలు ఆడే ముసలివాళ్ల నాట్యం ఉంది, దాన్సా దె లోస్ వియెహీతోస్ అంటారు. గులాబీరంగు ముఖం, ముడతలు, పళ్లు లేని నోటితో ఒక పెద్ద నవ్వు. ఆ నవ్వు మొదటి నుంచి చివరి దాకా మారదు. కర్ర పట్టుకుని నడుం వంచుకుని, దగ్గుతూ వణుకుతూ వచ్చిన ముసలాళ్లు ఉన్నట్టుండి చెక్క అడుగుల చెప్పులతో నేల అదిరిపోయేలా కొడతారు. ముఖం మారకపోయినా మన మనసు మాత్రం మారిపోతుంది, ఎందుకంటే మార్పంతా పాదాల్లో ఉంది. ఒక సంప్రదాయం భావం మార్చే పని తలకు ఇచ్చింది, ఇంకోటి పాదాలకు ఇచ్చింది. కూచిపూడి నేర్చుకున్న మీకు పాదాల సంగతి నేను చెప్పక్కర్లేదు. మీ డాన్సులో ఏ భాగంలో తల మాట్లాడాలి, ఏ భాగంలో పాదాలు మాట్లాడాలి అన్నది ముందు తేల్చుకోండి. మాస్కు ఆకారం ఆ తర్వాతే.

ఇక హన్యా సంగతి. ఆన్‌లైన్లో దాన్ని రాక్షసి అని అమ్ముతారు కాబట్టి చాలామంది అలాగే అనుకుంటారు. అది అసూయతో, అవమానంతో కాలిపోయి రాక్షసిగా మారిన స్త్రీ ముఖం. పై సగంలో కనుబొమల దగ్గర దుఃఖం, కింది సగంలో నోటి దగ్గర కోపం, రెండూ ఒకే ముఖంలో. ఆ మాస్కు పేరు చెప్పగానే గుర్తొచ్చే రొకుజో అనే పాత్ర నిజానికి చనిపోయిన మనిషి కూడా కాదు, బతికుండగానే ఆమె ఆత్మ బయటికొచ్చి పీడిస్తుంది. మీ కథలో ఆమె ఎవరి మీదా పగతో రావట్లేదు కదా, ఇల్లు చూసుకోవడానికి వస్తోంది. అందుకే హన్యా మీ కథకు నప్పదు.

మీ కథకు దగ్గరి ముఖం వేరే ఉంది. యాసె-ఒన్నా, అంటే చిక్కిపోయిన స్త్రీ. చనిపోయి బాధపడుతున్న స్త్రీ ఆత్మలకు వాడే నో మాస్కు ఇది. బుగ్గలు లోపలికి పోయి, కళ్లు గుంటలు పడి, చర్మం కింద ఎముక తెలుస్తూ ఉంటుంది. దాన్ని మొదటిసారి దగ్గరగా చూసినప్పుడు నాకు గట్టిగా తట్టిన మాట, పుర్రె ఇందులోనే ఉంది కదా అని. పైన వేయాల్సిన పనేముంది? మెక్సికోలో కూడా పాత పద్ధతి ఇలాంటిదే. మెక్సికో సిటీలోని జాతీయ మానవశాస్త్ర మ్యూజియంలో త్లాతిల్కో దగ్గర దొరికిన చిన్న మట్టి ముఖం ఒకటుంది. సగం బతికున్న మనిషి, సగం పుర్రె. పూలు, లతలు, చక్కెర పుర్రెల అలంకారం ఇవన్నీ ఎంతో తర్వాత వచ్చినవి. ఈనాడు అందరికీ తెలిసిన ఆ టోపీ పెట్టుకున్న పుర్రె దొరసాని కూడా హొసె గ్వాదలూపె పొసాదా అనే ముద్రణ కళాకారుడు తన చివరి రోజుల్లో, 1913కి కొంచెం ముందు చెక్కిన బొమ్మే. తర్వాత దియేగో రివేరా 1947 నాటి తన కుడ్యచిత్రంలో ఆమెకు నిలువెత్తు రూపం, బట్టలు ఇచ్చాడు. అది అచ్చుకాగితం మీద పుట్టిన బొమ్మ, మొదట మాస్కు కాదు.

కాబట్టి నా సలహా: పుర్రెను రంగుతో వేయకండి, ఆకారంలో మలచండి. ముందు నుంచి మెత్తటి వెలుగు పడితే ఒక స్త్రీ ముఖం కనబడాలి. నెత్తి మీద నుంచి ఒక్క లైటు పడితే కనుబొమల కింద, దవడ ఎముక కింద గుంటలు చీకటై పుర్రె బయటపడాలి. ఇది మంత్రం కాదు, మట్టి మలిచేటప్పుడు కనుబొమ అంచును ఐదారు మిల్లీమీటర్లు ముందుకు తెచ్చి, బుగ్గను అంత లోపలికి నొక్కితే జరిగే పని. నేను రెండుసార్లు ఇలా చేశాను, రెండోది బాగా వచ్చింది. లైట్లు చూసే వ్యక్తితో మొదటి రోజు నుంచే మాట్లాడండి, ఎందుకంటే ఈ మాస్కులో సగం పని వాళ్లదే.

తప్పా అన్న ప్రశ్నకు ఇక్కడే సమాధానం చెప్తాను, ఎందుకంటే ఈ రెండు దేశాల మధ్య రాకపోకలు మీరూ నేనూ మొదలుపెట్టినవి కావు. స్పెయిన్ వాళ్ల ఓడలు ఫిలిప్పీన్స్‌లోని మనీలా నుంచి మెక్సికో రేవు అకపుల్కోకు రెండున్నర శతాబ్దాలు తిరిగాయి, 1614లో జపాన్ సమురాయ్ హసెకురా త్సునెనగా తన బృందంతో అకపుల్కోలో దిగాడు. జపాన్ మడత తెరలు, వాటిని బ్యోబు అంటారు, మెక్సికో చేరి అక్కడి చిత్రకారులకు నచ్చేశాయి. 17వ శతాబ్దంలో వాళ్లే సొంతంగా చేయడం మొదలుపెట్టి, మాటను కూడా బియోంబో అని తీసుకున్నారు. వాళ్లు జపాన్ కొంగల్ని తెచ్చి తమ బొమ్మల పక్కన అతికించి ఊరుకోలేదు. మడతపడి నిలబడే ఆ నిర్మాణాన్ని తీసుకుని, దాని మీద తమ నగరాన్నీ, స్పెయిన్ వాళ్లు మెక్సికోను గెలుచుకున్న యుద్ధాన్నీ చిత్రించుకున్నారు. నిర్మాణం ఒకరిది, కథ ఇంకొకరిది. నాకు తెలిసినంతలో రెండు సంప్రదాయాలు నిజంగా కలిసిన చోటల్లా ఇలాగే జరిగింది.

ఇంకో ఉదాహరణ మన కాలంలోనే ఉంది, కుస్తీ రింగులో. నవ్వకండి, రంగస్థల మాస్కుల పనివాళ్లలో చాలామంది దీన్ని పట్టించుకోరు, నాకు మాత్రం ఇది గొప్ప పాఠం. మెక్సికో లూచా లిబ్రె కుస్తీలో ముఖం మొత్తం కప్పే మాస్కును 1930ల్లో మొదట కుట్టి ఇచ్చింది ఆంతోనియో మార్తినెస్ అనే బూట్లు కుట్టే పనివాడు. బూటుకి కాలి కొలతలు తీసినట్టు తలకు పదిహేడు కొలతలు తీసి, మేకతోలుతో కుట్టి, వెనక బూటుకి కట్టినట్టే లేసు కట్టాడు. ఆ వెనక లేసు ఇప్పటికీ అలాగే ఉంది. ఎల్ సాంతో అనే కుస్తీవీరుడు 1942 నుంచి వెండిరంగు మాస్కులోనే బతికి, 1984లో చనిపోతే ఆ మాస్కుతోనే సమాధి చేశారు. ఇద్దరు పందెం వేసుకుని మాస్కు మీద కుస్తీ పట్టి ఓడితే అందరి ముందూ ముఖం చూపించి అసలు పేరు చెప్పాలి. మాస్కంటే వాళ్లకు అంత విలువ.

దీన్ని జపాన్ ఎలా తీసుకుందో చూడండి. మిల్ మాస్కరాస్ అనే మెక్సికో కుస్తీవీరుడు 1971లో అక్కడికెళ్లి ఆడితే జనం వెర్రెత్తిపోయారు. సతోరు సాయామా అనే జపాన్ కుస్తీవీరుడు మెక్సికోలో కొంతకాలం ఆడి తిరిగొచ్చి 1981లో పులి మాస్కు వేశాడు, మెక్సికో కుట్టు మీద జపాన్ పిల్లలు బొమ్మల కథల్లో చూసిన పులి. యోషిహిరో అసాయి ఎదురుదారిలో 1987లో మెక్సికో వెళ్లి, అక్కడే ఊల్తిమో ద్రాగోన్ అనే పేరుతో పెద్దవాడై, అక్కడే జపాన్ కుర్రాళ్లకు శిక్షణ శిబిరం పెట్టాడు. గ్రేట్ సాసుకె అనే జపాన్ మాస్కు కుస్తీవీరుడు 2003లో ఇవాతె ప్రాంత శాసనసభకు గెలిచి, సభలో కూడా మాస్కు తీయనన్నాడు! ఇది ఎవరో గ్యాలరీలో కూర్చుని ఇది జపాన్, ఇది మెక్సికో అని కలిపింది కాదు. తల చుట్టూ బిగుతుగా ఉండి, గాల్లో పల్టీ కొట్టినా జరగని ఆ నిర్మాణం వాళ్లకు అవసరమైంది, అందుకే తీసుకున్నారు. మీకూ అదే అవసరం. మీరు తిరుగుతారు, కూర్చుంటారు, లేస్తారు. రెండు చెవుల దగ్గర తాడు కట్టే నో పద్ధతి, నెమ్మదిగా పాదం జార్చుకుంటూ నడిచే నటుడికి సరిపోతుంది, మీకు సరిపోదు. అందుకని ముందు కాగితం ముఖం, దాని అంచుకు కుట్టిన సాగే లైక్రా టోపీ, వెనక లేసు. నేను ఇప్పుడు డాన్సర్లకు చేసేవన్నీ ఇలాగే చేస్తున్నాను.

సరే, కాగితమే ఎందుకు? జపాన్‌లో నేను కూర్చున్న హమదా, ఇవామి కగురా అనే దేవతా నాట్యానికి పేరున్న చోటు. ఒకప్పుడు ఆ మాస్కులు కూడా చెక్కవే. మేజీ కాలంలో, అంటే 19వ శతాబ్దం చివర్లో, ఆట పూజారుల చేతి నుంచి ఊరి జనం చేతికి వచ్చి వేగం పెరిగేసరికి చెక్క బరువైపోయింది, కాగితానికి మారారు. మట్టితో ముఖం మలిచి ఆరబెట్టి, దాని మీద సెకిషు కాగితం, మల్బరీ జాతి చెట్టు నారతో చేసేది, ముక్కలుగా చింపి అంటిస్తారు. జిగురులో పచ్చి పర్సిమన్ కాయల వగరు రసం కలుపుతారు, దానివల్ల కాగితం గట్టిపడి తేమకు తట్టుకుంటుంది. ఆరాక లోపలి మట్టిని కొట్టి పగలగొట్టేస్తారు. ఒక మట్టి ముఖానికి ఒక్క మాస్కే. మొదటిసారి నా మట్టి ముఖాన్ని నేనే సుత్తితో కొట్టాల్సి వచ్చినప్పుడు చెయ్యి రాలేదు.

మెక్సికోలో కార్తొనెరియా అంటారు, మైదా జిగురుతో కాగితం పని. ఈస్టర్ ముందు శనివారం కాల్చే జూదాస్, అంటే యూదా బొమ్మలు, సెలాయా ఊరి పిల్లల మాస్కులు, పేద్రో లినారెస్ కుటుంబం ప్రపంచానికి చూపించిన అలెబ్రిహెలు అనే రంగురంగుల వింత జంతువుల బొమ్మలు అన్నీ ఇందులోవే. అక్కడ అచ్చును పగలగొట్టరు, దాచుకుంటారు. ఆరిన కాగితాన్ని కోసి తీసి మళ్లీ అతికిస్తారు. దీనివల్ల తేడా ఏమిటంటే, అచ్చు మళ్లీ వాడాలంటే ముఖంలో లోతైన గుంటలు, లోపలికి తిరిగిన అంచులు ఉండకూడదు, కాగితం ఊడిరాదు. పగలగొట్టే పద్ధతిలో ఎంత లోతైనా పోవచ్చు. మీకు లోతైన కళ్లగుంటలు, నొక్కుకుపోయిన బుగ్గలు కావాలి, మాస్కు ఒక్కటే కావాలి. కాబట్టి హమదా పద్ధతి. పన్నెండు మంది బృందానికైతే మెక్సికో పద్ధతే చెప్పేవాణ్ని.

పని ఇలా సాగుతుంది. నుదురు నుంచి గడ్డం దాకా, రెండు కణతల మధ్య, కళ్ల మధ్య, ముక్కు ఎత్తు కొలుచుకోండి. ముఖం మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీయొద్దు, అలా చేస్తే మాస్కు ముఖానికి అతుక్కుపోయి ఊపిరాడదు, కదలికకు చోటుండదు. బంకమట్టితో మలిచిన ముఖం మీ కొలత కన్నా కొంచెం పెద్దగా ఉండాలి, ఎందుకంటే ఆరేటప్పుడు కాగితం బిగుసుకుంటుంది. మట్టి మీద సబ్బునీళ్లు పూసి మొదటి పొర వట్టి నీళ్లతో తడిపిన కాగితం వేయండి, రెండో పొర నుంచి జిగురు. చేతితో చేసిన కాగితం దొరికితే మంచిది, లేకపోతే స్కూలు పుస్తకాలకు అట్టలేసే బ్రౌన్ పేపరు చాలు. కత్తెరతో కోయొద్దు, చింపండి, చింపిన అంచు ఒకదానిలో ఒకటి కలిసిపోతుంది. మెక్సికోలో నేర్చుకున్న చిన్న కిటుకు: ఒక పొర న్యూస్‌పేపరు, ఒక పొర బ్రౌన్ పేపరు వేస్తే ఎక్కడ పొర తప్పిందో కంటికి తెలుస్తుంది. మొత్తం ఏడెనిమిది పొరలు, ప్రతి రెండు పొరలకు పూర్తిగా ఆరనివ్వాలి. విశాఖ ఉక్కలో అది ఒక రోజులో ఆరదు, ఎండలో పెడితే వంకరపోతుంది. నీడలో, ఫ్యాను కింద, రెండేసి రోజులు. తొందరపడితే లోపల బూజు పడుతుంది, ఆ వాసన మళ్లీ పోదు.

జిగురు గురించి ఒక హెచ్చరిక. మనవాళ్లు బైండింగ్ జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. మాస్కులో అది వద్దే వద్దు, విషం, మీ చెమటా పెదవులూ దానికి తగులుతూ ఉంటాయి. మైదా జిగురులో కాస్త వెనిగర్ చాలు. నాకు ఇంకా ఇష్టమైంది చింతగింజల పొడి ఉడికించిన జిగురు. తెలంగాణలో చేర్యాల బొమ్మలకూ మాస్కులకూ రంపపు పొట్టులో కలిపేది అదే, మైదా కన్నా గట్టిగా పడుతుంది. పర్సిమన్ రసం మనకు దొరకదు కాబట్టి, ఆరాక లోపలి వైపు లక్కతో చేసిన పాలిష్ రెండు పల్చటి పూతలు వేసి, పైన మెత్తటి నూలుగుడ్డ అంటించండి. నా మాస్కు ఒకటి లోపల ఏమీ పూయకుండా ఇచ్చేశాను, రెండో ప్రదర్శనకు చెమటకి నుదుటి దగ్గర మెత్తబడి కూర్చుంది. ఆ డాన్సర్ చేత్తో పట్టుకుని ఆట ముగించింది.

బయటివైపు సుద్దపొడి, అదే చింతగింజల జిగురు కలిపి పల్చగా పది పూతలదాకా వేసి, పూతపూతకీ సన్న ఉప్పు కాగితంతో రుద్దండి. ఒకేసారి మందంగా పూస్తే పగుళ్లొస్తాయి. రంగు తెలుపు కాదు, కొద్దిగా పసుపు కలిసిన ఎముక రంగు. మెరుపు వార్నిష్ వేయకండి, లైటు దాని మీద ముద్దగా కూర్చుని నీడ పోతుంది. పూలు వేయాలని మీకు మనసుంది కాబట్టి ఒక్క చోట చెప్తాను: ముఖం మీద కాదు, లైక్రా టోపీ మీద, బంతి నారింజ రంగులో. తిరిగినప్పుడే కనిపిస్తుంది.

కళ్లు. నో మాస్కు కంటి రంధ్రం చాలా చిన్నది, నటుడికి దాదాపు ఏమీ కనిపించదు, వేదిక మూలలోని స్తంభాన్ని చూసి తానెక్కడున్నాడో తెలుసుకుంటాడు. ఆ స్తంభం పేరే మెత్సుకె-బషిరా, చూపు నిలిపే స్తంభం. మెక్సికో మాస్కుల్లో చాలావాటికి చెక్కిన కన్ను వేరు, చూసే సందు వేరు, కన్ను పైనో కిందో సన్నగా కోస్తారు. మీకు రెండోది కావాలి. కంటి కింద బుగ్గ గుంట మొదలయ్యే నీడలో ఒక సన్నటి కోత, అక్కడైతే ప్రేక్షకులకు కనిపించదు, మీకు నేల కనిపిస్తుంది. ముక్కు రంధ్రాలు తెరిచే ఉంచండి, నోరు కొద్దిగా తెరిచినట్టు చేయండి. లోపల నుదుటి దగ్గర ఒకటి, బుగ్గల దగ్గర రెండు చిన్న మెత్తలు పెట్టాలి. జపాన్ వాళ్లు మెన్-అతె అంటారు, వాటితోనే మాస్కు ఏ కోణంలో కూర్చోవాలో సరిచేస్తారు, గాలి కూడా ఆడుతుంది. ఆ మెత్త మందం ఒక్క మిల్లీమీటరు మారితే ముఖంలో భావం మారిపోతుంది, అద్దం ముందు గంటసేపైనా దీనికే ఇవ్వండి. కొమ్ములు వదిలేశాం కాబట్టి బరువు పావుకిలో లోపే ఉంటుంది.

ఇప్పుడు మీ కథకు నిజంగా పనికొచ్చే కలయిక, నాకు ఎంతో ఇష్టమైంది. నో వేదికకు ప్రేక్షకుల ఎడమవైపు ఒక పొడవాటి వంతెన ఉంటుంది, హషిగకారి. నటుడు అద్దాల గదిలో మాస్కుకు నమస్కరించి, పెట్టుకుని, ఆ వంతెన మీదుగానే వస్తాడు. నో నాటకకర్త జెయామి రాసిన నాటకాల్లో ఆత్మలు ఈ లోకంలోకి వచ్చేదీ అటునుంచే. మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయినవాళ్లు దారి తప్పకుండా వీధి నుంచి ఇంట్లో పెట్టిన పీఠం దాకా బంతిరేకులు చల్లుతారు, కొవ్వొత్తులు పెడతారు. మన గుమ్మాలకు కట్టే ఈ బంతి పుట్టిల్లు మెక్సికోయే, అక్కడ సెంపసూచిల్ అంటారు. మీరు కూడా ప్రేక్షకుల ఎడమవైపు నుంచి బంతిరేకుల దారి వేసి దాని మీదుగా రండి. వేదిక ముందు మూలల్లో రెండు చిన్న దీపాలు పెట్టండి, కథలో అవి ఆమె ఇంటి దీపాలు, మాస్కు లోపలున్న మీకు అవే చూపు నిలిపే స్తంభాలు. రేకులు నున్నటి నేల మీద కాలు జారుస్తాయి, కాబట్టి దారికి మాత్రం పల్చటి నూలుగుడ్డ పరిచి దాని మీద చల్లండి.

తప్పొప్పుల గురించి మిగిలింది ఇంతే. చియాపాస్‌లోని చియాపా దె కోర్సోలో జనవరి పండగకు ఆడే పరాచీకోల మాస్కు, వియెహీతోస్ మాస్కు, ఇవామి దేవతల మాస్కులు మొక్కులకూ పండగలకూ సంబంధించినవి. వాటిని యథాతథంగా తీసుకుని వేదిక సామానులా వాడొద్దు. తమిళనాడులోని మెలట్టూరు భాగవతమేళాలో మన తెలుగు ప్రహ్లాద నాటకానికి పెట్టుకునే నరసింహ మాస్కుకు పూజ చేస్తారు, దాన్ని ధరించేవారు ఉపవాసం ఉంటారు. ఎవరైనా దాన్ని తీసుకెళ్లి ఫ్యాషన్ షోలో పెడితే మనకెలా ఉంటుందో అదే లెక్క. పాంప్లెట్‌లో నో మాస్కు అనో, మెక్సికన్ మాస్కు అనో రాయకండి. యాసె-ఒన్నా రూపం నుంచి, ఇవామి కాగితం పని నుంచి, లూచా మాస్కు కుట్టు నుంచి నేర్చుకుని చేసింది అని రాయండి, పేర్లతో సహా.

ప్రదర్శనకు కనీసం ఆరు వారాల ముందు మాస్కు మీ చేతిలో ఉండాలి. మొదటి రోజు ఐదు నిమిషాలే పెట్టుకోండి, తర్వాత మెల్లగా పెంచండి, కళ్లు తిరిగినట్టుంటే వెంటనే తీసేయండి. పట్టుకునేటప్పుడు రెండు పక్కల అంచులే పట్టుకోవాలి, వేళ్లు ముఖానికి తగిలితే సుద్ద మీద జిడ్డు మరకలు పడతాయి. మట్టి ముఖం మలచడం అయ్యాక, కాగితం వేయకముందే, గది చీకటి చేసి మూడు ఫొటోలు తీసి పంపండి: టార్చి ముందు నుంచి, నెత్తి మీద నుంచి, గడ్డం కింద నుంచి. నెత్తి మీది వెలుగులో పుర్రె కనిపించకపోతే బుగ్గ ఇంకా ఎంత నొక్కాలో చూసి చెప్తాను.